కన్నింగ్‌హామ్ ఒక్కడేనా, ఇద్దరా? కాలవ నీళ్ళు కొలిచినాయన, ప్రధాన సంఖ్యలాయన

బోదెగట్టు అడిగారు:

అందరికీ నమస్కారమండి. మాది పి.గన్నవరం పక్కన పల్లెటూరు, జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్తాను. చాన్నాళ్ళుగా ఒక డౌటు ఉండిపోయింది, ఇక్కడ ఇరిగేషన్ వాళ్ళూ లెక్కల వాళ్ళూ ఇద్దరూ ఉన్నారు కదా అని అడుగుతున్నాను.

మా బాబాయి ఇరిగేషన్‌లో చేసి రిటైరయ్యారు. అటక మీద చెదలు తినగా మిగిలిన పాత హైడ్రాలిక్స్ పుస్తకాలు నాకిచ్చారు. అందులో కాలవల్లో నీటి వేగం ఎలా కొలవాలి అన్న చోట ‘కెప్టెన్ కన్నింగ్‌హామ్, గంగా కాలవ, రూర్కీ ప్రయోగాలు’ అని మాటిమాటికీ వస్తుంది. ఇటు నేనేమో పిల్లలకి ప్రధాన సంఖ్యలు చెప్పేటప్పుడు నిద్రపోకుండా ఉంటారని కన్నింగ్‌హామ్ చెయిన్ చెప్తుంటాను: 2 తీసుకోండి, రెట్టింపు చేసి ఒకటి కలపండి, 5. మళ్ళీ అలాగే చేస్తే 11, తర్వాత 23, తర్వాత 47, అన్నీ ప్రధాన సంఖ్యలే, 95 దగ్గర గొలుసు తెగిపోతుంది. 89తో మొదలుపెడితే 179, 359, 719, 1439, 2879 దాకా పోతుంది.

ఈ ఇద్దరు కన్నింగ్‌హామ్‌లూ ఒకరేనా? మా హిస్టరీ మాస్టారేమో తక్షశిల ఎక్కడుందో గుర్తుపట్టింది కన్నింగ్‌హామ్ అంటారు. ఫిజిక్స్ మాస్టారేమో గాలిలో సన్నటి రేణువులు పడే వేగానికి ‘కన్నింగ్‌హామ్ కరెక్షన్’ ఉందంటారు. స్టాఫ్ రూమ్‌లో తలో కన్నింగ్‌హామ్‌నీ పట్టుకుని కూర్చున్నాం. ఒకవేళ కాలవలాయనా, లెక్కలాయనా ఒకరే అయితే, పటాలంలో ఇంజనీరుకి ప్రధాన సంఖ్యల పిచ్చి ఎలా పట్టింది?

---

పాత ఏఈ రాశారు:

మాస్టారూ, ఒకరే. అలన్ కన్నింగ్‌హామ్. మీ హిస్టరీ మాస్టారు చెప్పింది వేరే మనిషే గానీ పరాయివాడు కాదు, తండ్రి. అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్, మన పురావస్తు శాఖని మొదలుపెట్టినాయన. ఆయన కూడా బెంగాల్ ఇంజనీర్స్ పటాలంలో ఆఫీసరే, అది మర్చిపోతారు అందరూ. తాత కూడా అలన్ కన్నింగ్‌హామే, స్కాట్లాండులో రాళ్ళు చెక్కే మేస్త్రీగా బతుకు మొదలెట్టి కవి అయ్యాడు. తాత రాళ్ళూ కవిత్వమూ, తండ్రి కోటలూ స్తూపాలూ, కొడుకు నీళ్ళూ అంకెలూ. ఫిజిక్స్ మాస్టారి కన్నింగ్‌హామ్ మాత్రం వేరు, ఎబెనెజర్ కన్నింగ్‌హామ్, ఆ కరెక్షన్ 1910 నాటిది. ఆయన్ని ఈ పంచాయతీలోంచి వదిలేయండి.

మన అలన్ 1842లో ఢిల్లీలో పుట్టాడు. తండ్రి దారిలోనే బెంగాల్ ఇంజనీర్స్‌లో చేరాడు. 1857 తిరుగుబాటు తర్వాత, 1862లో కంపెనీ ఇంజనీర్ల పటాలాల్ని రాయల్ ఇంజనీర్స్‌లో కలిపేశారు కాబట్టి తర్వాతి కాగితాల్లో పేరు పక్కన ఆర్.ఈ. అని ఉంటుంది. 1871 నుంచి 1881 దాకా రూర్కీలో థామసన్ కాలేజీలో పాఠాలు చెప్పాడు. ఏం పాఠమో తెలుసా? మీ సబ్జెక్టే, లెక్కలు. అంటే ‘ఇంజనీరుకి లెక్కల పిచ్చి ఎలా పట్టింది’ అన్న మీ ప్రశ్న నాకు తిరగేసి కనిపిస్తుంది. లెక్కల మాస్టారికి కాలవ అప్పజెప్పారు, అదీ కథ.

ఆ కాలవ సంగతి మన గోదావరోళ్ళం తెలుసుకోవాల్సిందే. గంగా కాలవ 1854లో తెరిచారు, కట్టించింది ప్రోబీ కాట్లీ. రూర్కీ కాలేజీ 1847లో పెట్టిందే ఆ కాలవ పనికి మనుషులు కావాలని. ఇక్కడ ధవళేశ్వరంలో కాటన్ దొర ఆనకట్ట పని మొదలైంది కూడా అదే 1847లో. 1863లో కాటన్ వెళ్ళి గంగా కాలవ చూసొచ్చి కడిగిపారేశాడు. హెడ్ వర్క్స్, అంటే నదిలోంచి కాలవలోకి నీళ్ళు మళ్ళించే కట్టడాలు, మరీ ఎగువన పెట్టారు, వాలు ఎక్కువైంది, నీళ్ళు పరిగెత్తి కాలవ అడుగు కోసేస్తున్నాయి అని. కాట్లీ ఎదురు సమాధానం రాశాడు, ఇద్దరి మధ్యా కరపత్రాల యుద్ధం నడిచింది. అడుగు కోసుకుపోయిన మాట నిజమే, తర్వాత సరిచెయ్యాల్సొచ్చింది. ఇందులో మన దొరకి గర్వమూ కొంచెం ఎక్కువే అని నా అభిప్రాయం, డెల్టాలో పనిచేసిన సూత్రం కొండ పక్క నేలకీ అచ్చంగా పనికొస్తుందని వాదించేవాడు. సంకల్పంలో ఆయన పేరు చెప్పుకునే చోట ఈ మాట అంటే కొడతారేమో, అయినా అంటాను.

అసలు గొడవంతా ఎక్కడుందంటే, ఇంత వెడల్పు, ఇంత లోతు, ఇంత వాలు ఉన్న కాలవలో నీళ్ళు ఎంత వేగంతో పోతాయి అన్నది అప్పటి సూత్రాలు సరిగ్గా చెప్పలేకపోయేవి. చాలావాటికి ఆధారం చిన్న చిన్న కాలవల్లో, ప్రయోగశాల తొట్లలో చేసిన కొలతలు. గంగా కాలవంత పెద్దదాన్ని ఎవరూ ఓపిగ్గా కొలవలేదు. 1870లలో కన్నింగ్‌హామ్ చేసింది అదే. రూర్కీ పక్కన సోలాని నది మీదుగా కాలవని దాటించే అక్విడెక్టు ఉంది, 15 ఆర్చీలు, ఒక్కోటీ 50 అడుగులు. మీ గన్నవరం పాత అక్విడెక్టుకి అన్నగారనుకోండి. మీదాన్ని హేగ్ అనే కుర్ర ఇంజనీరు 1850లలో వైనతేయ మీద కట్టాడు, నగరం సీమకి నీళ్ళు అలా దాటాయి. సోలాని దగ్గర కాలవ తిన్నగా, గోడల మధ్య పోతుంది కాబట్టి కొలవడానికి దాన్ని మించిన చోటు లేదు.

కొలిచింది ఫ్లోట్‌లతో. అడుగున బరువు పెట్టిన గొట్టాలు నీళ్ళలో నిలువుగా, అడుగుకి కొంచెం పైదాకా మునిగి తేలుతూ పోతాయి. పైన నీళ్ళు ఒక వేగంతో, అడుగున ఇంకో వేగంతో పోతాయి కదా, నిలువు గొట్టం వాటన్నిటి సగటుతో నడుస్తుంది. కాలవ అడ్డంగా వరసలు గీసుకుని, ప్రతి వరసలోనూ గొట్టం వదిలి, కొలిచిన దూరం దాటడానికి ఎంతసేపు పట్టిందో చూడాలి. మళ్ళీ వదలాలి. మళ్ళీ చూడాలి. ఆయన తేల్చిన వాటిల్లో నాకు నచ్చింది ఒకటి: పైకి నిమ్మళంగా కనిపించే కాలవలో కూడా ఒకే చోట నీటి వేగం క్షణానికో రకంగా మారుతుంటుంది, ఒక్కసారి కొలిచి ‘ఇదీ వేగం’ అనడానికి లేదు, చాలాసార్లు కొలిచి సగటు తీస్తేనే నిలబడే అంకె వస్తుంది. ఇప్పుడు ఇది చిన్నపిల్లాడికి కూడా తెలుసంటారు గానీ, నా సర్వీసులో లాకుల దగ్గర గేజి ఒక్కసారి చూసి రోజంతటికీ డిశ్చార్జి (సెకనుకి పారే నీళ్ళ లెక్క) రాసేసిన మహానుభావుల్ని చూశాను. శివారు రైతుకి నీళ్ళందవు, పుస్తకంలో మాత్రం అందుతాయి.

ఆ ఫలితాలు 1881 ప్రాంతంలో సంపుటాలుగా అచ్చయ్యాయి. అదే ఏడు ఆయన ఇంగ్లండు వెళ్ళిపోయాడు. ఆ తర్వాత సంగతి లెక్కల వాళ్ళు చెప్పాలి, నాకు క్యూసెక్కులు దాటితే రాదు.

---

బోదెగట్టు రాశారు:

పాత ఏఈ గారూ, మీకు దణ్ణమండి. కాటన్ దొర తప్పుపట్టిన కాలవనే ఈయన కొలిచాడన్నది మా స్టాఫ్ రూమ్‌లో ఎవరికీ తెలీదు. మా అక్విడెక్టుకి అన్నగారు అన్న ముక్క మా పిల్లలకి చెప్పేశాను అప్పుడే. మరి ఇంగ్లండు వెళ్ళాక ప్రధాన సంఖ్యల్లో ఏం చేశాడు? సిద్ధాంతాలేమైనా ఉన్నాయా?

---

శేషం సున్నా రాశారు:

కాకినాడ నుంచి. మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి, ఇది నాకు ఇష్టమైన టాపిక్.

ఇంగ్లండు వెళ్ళగానే అంకెల్లో మునిగిపోలేదు. ఇంకో పదేళ్ళు చాథమ్, డబ్లిన్, షోర్న్‌క్లిఫ్‌లలో మిలిటరీ పాఠాలే చెప్పాడు. 1891లో లెఫ్టినెంట్ కల్నల్‌గా పటాలం వదిలాడు. అప్పటికి వయసు యాభైకి దగ్గర. అక్కడి నుంచి 1928లో పోయేదాకా, అంటే ముప్పై ఏడేళ్ళు, ఆయన చేసింది ఒక్కటే పని: పెద్ద పెద్ద సంఖ్యల్ని కారణాంకాలుగా విరగ్గొట్టడం. మన దగ్గర రిటైరయ్యాక కొందరు కొబ్బరితోట చూసుకుంటారు, కొందరు గుడి కమిటీలో చేరతారు, ఈయన 2 పవర్ ఎంతో ప్లస్ ఒకటి, మైనస్ ఒకటి పట్టుకున్నాడు.

ఏం చేశాడో ఊరికే చెప్తే బోధపడదు, ఒక లెక్క చేసి చూపిస్తాను, మాస్టారు క్లాసులో వాడుకోవచ్చు. 1905లో కల్లెన్ అనే ఐరిష్ పాదిరీ ఒక ముచ్చట బయటపెట్టాడు. ఏదైనా n తీసుకుని, దాన్ని 2 పవర్ n తో గుణించి, 1 కలపండి. n 1 అయితే 3 వస్తుంది, ప్రధాన సంఖ్య. ఆ తర్వాత 100 దాకా ఒక్కటీ ప్రధాన సంఖ్య కాదు, ఒక్క 53 దగ్గర మాత్రం తేలలేదు. 53ని 2 పవర్ 53తో గుణించి ఒకటి కలిపితే 18 అంకెల సంఖ్య. కన్నింగ్‌హామ్ వెంటనే తేల్చాడు, దాన్ని 5591 నిశ్శేషంగా భాగిస్తుందని.

18 అంకెల సంఖ్యని ఎక్కడా రాయకుండానే దీన్ని సరిచూడొచ్చు. 2 పవర్ 13 అంటే 8192. అందులోంచి 5591 తీసేస్తే 2601. దాన్ని వర్గం చేస్తే పవర్ 26 అవుతుంది: 67,65,201. దీన్ని 5591తో భాగిస్తే శేషం 91, చూడండి ఎంత చిన్నదైపోయిందో. దాన్ని మళ్ళీ వర్గం చేస్తే పవర్ 52: 8281, అందులోంచి 5591 పోతే 2690. రెట్టింపు చేస్తే పవర్ 53: 5380. ఇప్పుడు 53తో గుణించి ఒకటి కలిపితే 2,85,141. 5591ని 51తో గుణించండి. అదే 2,85,141. శేషం సున్నా. ఇంటర్ పిల్లాడు నోటుబుక్కులో అరపేజీలో చేస్తాడు.

కానీ కిటుకు ఎక్కడుందంటే, 5591 అని ముందు ఎవరు చెప్తారు? దానికి కింద ఏడు వందలకి పైగా ప్రధాన సంఖ్యలున్నాయి, ఏది భాగిస్తుందో నుదుట రాసి ఉండదు. అందుకే ఈయన ముందు సరంజామా తయారుచేసుకున్నాడు. 1900లో ‘బైనరీ కేనన్’ అని ఒక పట్టిక అచ్చేశాడు, 1000 లోపు ప్రధాన సంఖ్యలతో, వాటి ఘాతాలతో 2 పవర్లని భాగిస్తే ఏయే శేషాలొస్తాయో మొత్తం ఒకచోట. పేజీలకి పేజీలు శేషాలు. చదవడానికి అందులో ఏమీ ఉండదు, వెతుక్కోవడానికి మాత్రం అన్నీ ఉంటాయి.

ఇంకోటి, నాకు ఇదే ఎక్కువ ఇష్టం. 2 పవర్ 1, 2, 4, 8 ఇలా పవర్‌ని రెట్టింపు చేసుకుంటూ పోయి, ఒకటి కలిపితే వచ్చేవి ఫెర్మా సంఖ్యలు. సున్నా నుంచి లెక్కపెడితే వాటిల్లో 11వది 2 పవర్ 2048 ప్లస్ 1. 617 అంకెలు. 1899లో కన్నింగ్‌హామ్ దానికి రెండు కారణాంకాలు పట్టాడు, 319489, 974849. ఇది గుడ్డిగా గాలించింది కాదు. అంతకుముందే లుకా అనే ఫ్రెంచాయన చెప్పి ఉన్నాడు, ఈ సంఖ్యకి ప్రధాన కారణాంకం ఉంటే అది 8192 గుణిజానికి ఒకటి ఎక్కువై ఉండాలని. అంటే 8193, 16385 ఇలా మెట్లు మెట్లుగా ఎక్కాలి, ప్రధాన సంఖ్యలు కానివి వదిలేయాలి. 39వ మెట్టు దగ్గర ఒకటి దొరికింది, 119వ మెట్టు దగ్గర ఇంకోటి. మెట్టు మెట్టుకీ ఏం చెయ్యాలంటే, 65536తో మొదలుపెట్టి ఏడుసార్లు వర్గం చెయ్యడం, ప్రతిసారీ భాగించి శేషం ఉంచుకోవడం. ఆరంకెల సంఖ్యల వర్గాలు, చేత్తో. ఒక్క అంకె జారితే మెట్టంతా వృథా, జారిందని తెలిసే దారి కూడా లేదు, కారణాంకం కళ్ళ ముందే దాటిపోతుంది.

కాలవ దగ్గర గొట్టం మళ్ళీ మళ్ళీ వదిలిన మనిషే ఇది చెయ్యగలడని నాకనిపిస్తుంది. పాత ఏఈ గారు ఏమంటారో.

---

హైటెక్ లంక రాశారు:

అందరూ ఇంత పొగుడుతుంటే నేనొక్కడినే అడ్డం పడుతున్నా, తిట్టుకోకండి. మాది ముక్తేశ్వరం, ఇప్పుడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్. మాస్టారు అడిగింది ‘సిద్ధాంతాలేమైనా ఉన్నాయా’ అని, దానికి మాత్రం ఎవరూ జవాబు చెప్పలేదు. లేవు. అది ఒప్పుకోండి ముందు. ఆయన పట్టికలేసిన గుమస్తా, పెద్ద గుమస్తా, మంచి గుమస్తా. శేషం సున్నా గారు చూపించిన లెక్క నా ఫోన్‌లో పైథాన్‌లో ఒక్క లైన్, నేనిప్పుడే కొట్టి చూశా, కన్ను మూసి తెరిచేలోపు వచ్చింది. ముప్పై ఏడేళ్ళు కూర్చుని చేసిన పనిని మెషీన్ ఒక్క మధ్యాహ్నంలో దాటేస్తే దాన్ని గణితం అనాలా?

ఇంకో ముక్క. ఆ ముప్పై ఏడేళ్ళు తీరిగ్గా కూర్చోవడానికి పెన్షన్ ఎక్కడి నుంచి వచ్చింది? ఇక్కడి శిస్తులోంచి. మన ముత్తాతలు బోదెలో తూము కోసం కొట్టుకుంటుంటే దొరగారు లండన్‌లో ప్రధాన సంఖ్యలు. నాకు ఆయన మీద కోపం లేదు, కానీ హీరోని చెయ్యకండి.

---

శేషం సున్నా రాశారు:

హైటెక్ లంక గారూ, పెన్షన్ మాట కాదనను. ఆ తీరిక ఎవరి కష్టం మీద వచ్చిందో తెలుసుకుని మాట్లాడడమే మంచిది. సిద్ధాంతం లేదన్నదీ కాదనను, ఆయన పేరు మీద గొప్ప థీరమ్ ఏదీ లేదు. గుమస్తా అన్నదాని దగ్గర మాత్రం ఆగుతాను.

1925లో ఆయనా, వుడాల్ అనే స్నేహితుడూ కలిసి ఒక సన్నటి పుస్తకం వేశారు. 2, 3, 5, 6, 7, 10, 11, 12 వీటి పవర్లకి ఒకటి కలిపినా, తీసేసినా వచ్చే సంఖ్యల కారణాంకాలు, అప్పటిదాకా తెలిసినవన్నీ. 4, 8, 9 ఎందుకు లేవంటే అవి 2, 3ల పవర్లే కాబట్టి మళ్ళీ రాయక్కర్లేదు. 10 వరస ఎందుకంటే, దశాంశాలు ఎన్ని అంకెలకోసారి తిరిగొస్తాయో అందులో తెలుస్తుంది: 99999ని 41 భాగిస్తుంది, అందుకే ఒకటిని 41తో భాగిస్తే 0.02439 02439 అని ఐదంకెలకోసారి తిరుగుతుంది.

ఆ పుస్తకంలో విశేషం నిండిన గళ్ళు కాదు, ఖాళీ గళ్ళు. ఇంకా విరగనివి ఎక్కడున్నాయో చూపించే పటం అది. ఆయన పోయాక కూడా జనం ఆ ఖాళీలు పూరిస్తూనే ఉన్నారు, దాని పేరే కన్నింగ్‌హామ్ ప్రాజెక్ట్. 1983లో అమెరికన్ మ్యాథమేటికల్ సొసైటీ అవే 2, 3, 5 వగైరాల పవర్లకి, ఇంకా పెంచిన పట్టికలు అచ్చేసింది. ఇప్పటికీ నడుస్తోంది, ఇంకా ఖాళీలున్నాయి. విరగ్గొట్టే కొత్త పద్ధతుల్ని తరచూ ఈ సంఖ్యల మీదే పరీక్షిస్తారు. 1990లో 2 పవర్ 512 ప్లస్ 1ని, 155 అంకెలది, నంబర్ ఫీల్డ్ సీవ్ అనే పద్ధతితో పూర్తిగా విరగ్గొట్టారు. మీరు ఆఫీసులో వాడే ఆర్‌ఎస్‌ఏ తాళం, అంటే పెద్ద సంఖ్యని విరగ్గొట్టడం కష్టమన్న దాని మీద నిలబడ్డ రహస్య సంకేతం, ఎంత గట్టిదో జనం అంచనా వేసుకున్నది ఇలాంటి ఫలితాలు చూసే. మీ రొట్టె కూడా అందులోంచే కొంత వస్తోంది మరి.

ఫోన్‌లో ఒక్క లైన్ అన్నారు కదా. ఆ 617 అంకెల సంఖ్యని కన్నింగ్‌హామ్ వదిలిన చోటు నుంచి పూర్తిగా విరగ్గొట్టింది రిచర్డ్ బ్రెంట్, 1988లో. దాదాపు తొంభై ఏళ్ళు. 5591 లెక్క సరిచూడడం ఒక లైన్ పనే, ఒప్పుకుంటా. 1906లో ఆ లైన్ ఎవరు రాశారన్నదే ప్రశ్న.

ఆ 53 తర్వాత సంగతి కూడా చెప్పేస్తాను. కన్నింగ్‌హామ్ 200 దాకా వెళ్ళి, అన్నీ విరుగుతాయి, ఒక్క 141 మాత్రం తేలడం లేదు అని రాసిపెట్టాడు. 1957లో రాబిన్సన్ కంప్యూటర్‌తో తేల్చాడు: 141 దగ్గరది ప్రధాన సంఖ్యే. అంటే విరగని దాని మీదే వేలు పెట్టి ఆగాడు. తెలీని చోట తెలీదని ఖాళీ వదలడం గుమస్తా పని అంటే, అలాంటి గుమస్తాలు మనకి చాలామంది కావాలి.

పోతూ పోతూ బ్రిటిష్ అసోసియేషన్ అనే సైన్సు సంఘానికి డబ్బు రాసిచ్చి పోయాడు, సంఖ్యల పట్టికలు వెయ్యడానికే. ఆ శిస్తు డబ్బు వెనక్కి మనకేం రాలేదు గానీ.

---

హైటెక్ లంక రాశారు:

‘మీ రొట్టె’ అన్నారు, తగిలింది 😀 సరే, గుమస్తా మాట వెనక్కి తీసుకోను గానీ ‘పెద్ద’ అన్నదాన్ని ‘చాలా పెద్ద’ చేస్తా. 141 సంగతి నాకు తెలీదు, బావుంది.

---

ర్యాలి పాయ రాశారు:

పటాలం, లెక్కలు అంటే మెక్‌మహన్‌ని కూడా తలుచుకోండి. ఆయన ఇంజనీరు కాదు, ఫిరంగుల పటాలం. 1873లో మద్రాసులో దిగాడు, ఇండియాలో కొన్నాళ్ళు చేసి ఆరోగ్యం చెడి వెళ్ళిపోయాడు, తర్వాత కాంబినేటోరిక్స్‌లో, అంటే ఎన్ని రకాలుగా అమర్చొచ్చో లెక్కపెట్టే గణితంలో, పెద్ద పేరు. ఒక సంఖ్యని ఎన్ని రకాల కూడికలుగా రాయొచ్చు అన్నదానికి రామానుజన్, హార్డీ సూత్రం కనిపెట్టినప్పుడు, అది నిజమా కాదా అని సరిచూసింది మెక్‌మహన్ చేత్తో వేసిన పట్టికతోనే, 200 దాకా. 200కి జవాబు 3,972,999,029,388. రామానుజన్ సూత్రం సరిగ్గా అక్కడే వచ్చి వాలింది. కాబట్టి హైటెక్ లంక గారూ, థీరమ్ ఉన్న మహానుభావుడికి కూడా పట్టికలాయన కావాలి.

---

పాత ఏఈ రాశారు:

శేషం సున్నా గారు నన్నడిగారు కాబట్టి. కాలవ ఓపికే అంకెల ఓపిక అయింది అంటే వినడానికి బాగుంటుంది, నాకు మాత్రం పూర్తిగా నమ్మకం లేదు. కాలవలో ఎన్నిసార్లు కొలిచినా దగ్గరి అంకె వస్తుందే తప్ప ఖచ్చితమైనది రాదు, గాలి మారుతుంది, నీటిమట్టం మారుతుంది, నాచు పడుతుంది. అంకెల్లో శేషం సున్నా అంటే సున్నాయే. ఏళ్ళ తరబడి సగటులతో కుస్తీ పట్టిన మనిషికి అలా తెగ్గొట్టి తేలే లెక్క దొరికితే ప్రాణం లేచొచ్చి ఉంటుంది. నేనైతే అలా అనుకుంటాను. సర్వీసులో నాకు అదే లోటుగా ఉండేది.

హైటెక్ లంక అబ్బాయి చెప్పినదానికి ఒక ముక్క కలుపుతాను. సోలాని దగ్గర గొట్టాలు వదిలి, పట్టుకుని, ఒడ్డున నిలబడి కేకేసింది ఒక్క దొర కాదు. అంత పని ఒక్కడితో అవదు, నీళ్ళలో చేసినవాడెవడికైనా తెలుసు. ఇక్కడ ఆనకట్ట దగ్గర కనీసం కాటన్ కింద పనిచేసిన వీణం వీరన్న పేరు నిలిచింది. కాలవల మీద పనిచేసే లస్కర్ల పేర్లు ఎక్కడా నిలవవు, ఇప్పుడూ అంతే.

---

బోదెగట్టు రాశారు:

ఎంత మంచి సమాచారమండీ, అందరికీ థాంక్స్. 5591 లెక్క సెకండియర్ వాళ్ళతో చేయించాను, సగం మంది 91 దగ్గరే ‘అయ్యబాబోయ్ ఇంత చిన్నదా’ అన్నారు. ఒకమ్మాయి మాత్రం ‘సార్, 5591 ఎలా దొరికింది’ అని సరిగ్గా అక్కడే పట్టుకుంది.

ఇప్పుడు కాలవ వైపు కూడా ఏదైనా చేయించాలని ఉంది. గొట్టాలు మా దగ్గర ఎక్కడివి, కొబ్బరికాయ వదిలితే పనికొస్తుందా పాత ఏఈ గారూ? నవ్వకండి.

---

పాత ఏఈ రాశారు:

నవ్వను, ఎండు కొబ్బరికాయ బ్రహ్మాండంగా పనికొస్తుంది. సగానికి పైగా మునిగి తేలుతుంది కాబట్టి గాలి దాన్ని ఎక్కువ తొయ్యలేదు. పుల్లలూ, అట్టముక్కలూ అయితే గాలివాటుకి కొట్టుకుపోతాయి.

తిన్నగా ఉన్న చోటు చూసుకోండి. లాకులకీ, డ్రాపుకీ (నీళ్ళు ఒక్కసారిగా కిందికి దూకే చోటు) దూరంగా, గుర్రపుడెక్క లేని చోట. ఒడ్డున 20 మీటర్లు టేపుతో కొలిచి రెండు చివర్లా తాళ్ళు అడ్డంగా కట్టండి. కాయని ఎగువ తాడుకి ఇంకా పైన వదలాలి, తాడు దాటేసరికి నీటి వేగం అందుకుని ఉండాలి. మధ్యలో ఒకసారి, రెండు పక్కలా ఒక్కోసారి, ఒక్కో చోటా కనీసం ఐదారుసార్లు. సెకన్లు రాసి సగటు తియ్యండి. కాయ చూపించేది పైనీళ్ళ వేగం, అది మొత్తం సగటు కన్నా ఎక్కువుంటుంది, అందుకని 0.85తో గుణిస్తారు. ఉదాహరణకి 20 మీటర్లకి 40 సెకన్లు పట్టింది అంటే సెకనుకి అర మీటరు, 0.85 వేస్తే 0.425. కాలవ వెడల్పు 10 మీటర్లు, సగటు లోతు 1.2 అనుకుంటే 12 చదరపు మీటర్లు. గుణిస్తే సెకనుకి 5.1 ఘనపు మీటర్లు, మన లెక్కలో 180 క్యూసెక్కులు.

లోతు కొలవడానికి పిల్లల్ని దించకండి, వంతెన మీద నుంచి బరువు కట్టిన తాడు వదలండి. కాలవలు కట్టేసే ముందే చేసుకోండి, ఏప్రిల్ దాటితే అడుగున బురదే. వచ్చిన అంకె పక్కన ఆ రోజు లాకుల్లో రాసిన డిశ్చార్జి కూడా అడిగి రాసుకోండి. రెండూ కలవకపోతే నాకు ఇక్కడ చెప్పండి, ఎటు తేడా వచ్చిందో చూద్దాం.